ముందు సీటు వాలితే వెనక మోకాళ్లకి చోటేదండీ?

మన గోదావరి జిల్లాల్లో విమానం ఎక్కిన మనిషి లేని ఇల్లు ఇప్పుడు వెతుక్కోవాల్సిందే. అందుకే కాబోలు, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం మీద ఉన్నాయి, విమానంలో సీటు వెనక్కి వాల్చడం గురించి. చదివాక ఒక్కటీ చిన్న విషయంగా అనిపించలేదు. ఈ పేజీ అంతా వాటికే.

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గరండి. నాకు 61 ఏళ్లు. అమ్మాయి పురిటికని డాలస్ వచ్చాను. దోహాలో మారి ఎక్కిన పెద్ద విమానంలో దాదాపు పదహారు గంటలు కూర్చోవాలి. అది పైకి లేచిందో లేదో నా ముందు కుర్రాడు సీటు మొత్తం వెనక్కి వాల్చేశాడు. భోజనం పెట్టినప్పుడూ లేపలేదు. బల్ల పొట్టకి ఆనుకుపోయి, గిన్నె మీద రేకు తీయడానికే చోటు లేకపోయింది. అతను మన తెలుగువాడే, పక్కతనితో తెలుగులోనే మాట్లాడుతున్నాడు, అయినా నాకు నోరు రాలేదు. సగం తిని ట్రే ఇచ్చేశాను. తరవాత నేను కాస్త వాల్చుకుంటే వెనకావిడ నా సీటుని కాలితో తన్నింది. భయపడి లేపేసి అలాగే కూర్చున్నాను, దిగేసరికి పాదాలు వాచిపోయాయి. వచ్చే నెల తిరుగు ప్రయాణం. ఈసారి అడగొచ్చా? అడిగితే తప్పుగా అనుకుంటారా?
*(డాలస్ నుంచి ఒక అమ్మమ్మ)*

జవాబు: అడగొచ్చమ్మా. సగం అన్నం వదిలేసి, వాచిన కాళ్లతో దిగి, ఇప్పుడు కూడా "తప్పుగా అనుకుంటారా" అని మీరే బెంగపడుతున్నారే, అది చదివి నాకు చాలా బాధేసింది. పంక్తిలో కూర్చున్నప్పుడు పక్కవాళ్ల విస్తరికి మన చెయ్యి తగిలితేనే నొచ్చుకుంటాం. తింటున్న మనిషి పొట్ట మీదికి సీటు వాల్చినవాడిని కాస్త లేపమనడానికి మొహమాటం ఎందుకండి?

చాలా విమానాల్లో వడ్డించే ముందు సిబ్బందే వచ్చి సీట్లు లేపమని చెబుతారు. ఆ రోజు వాళ్లు చూసుకుని ఉండరు. ఈసారి ట్రే వచ్చేటప్పటికి ముందు సీటు వాలి ఉంటే, భుజం తట్టకుండా, సీటు కుదపకుండా, కొంచెం ముందుకి వంగి "బాబూ, భోజనం చేస్తున్నాను, తినేదాకా కాస్త సీటు లేపుతావా" అనండి. తెలుగువాడు కాకపోతే "సీట్ అప్ ప్లీజ్, ఈటింగ్" చాలు, ఎవరికైనా అర్థమవుతుంది. "తినేదాకా" అన్న మాట మాత్రం మరిచిపోకండి. ఎప్పటిదాకా లేపాలో తెలిస్తే ఎదుటి మనిషి విసుక్కోడు. విసుక్కున్నా, వినకపోయినా మీరు వాదనకి దిగొద్దు. మనిషి బొమ్మ ఉన్న బటన్ తలపైనో, ఎదురుగా ఉన్న తెర మీదో, చేతి కింద రిమోట్‌లోనో ఉంటుంది, అది నొక్కితే సిబ్బంది వస్తారు, వాళ్లతో చెప్పించండి. మీ అమ్మాయిని అడిగి ఆ బొమ్మ ఎలా ఉంటుందో ముందే చూసి పెట్టుకోండి.

ఇక మీరు వాల్చుకోవడం. మీరు నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ వెళ్లే ఉంటారు కదా. మిడిల్ బెర్త్ రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకానే వేసుకోవాలని రైల్వే వాళ్ల నియమం ఉంది. మిగతా టైంలో కింద కూర్చున్నవాళ్లు తలెత్తి కూర్చోవాలి కాబట్టి. విమానంలో అలా గంటలు రాసిపెట్టలేదు. పైకి లేచేటప్పుడు, కిందికి దిగేటప్పుడు, రన్‌వే మీద నడిచేటప్పుడు మాత్రం సీటు తప్పనిసరిగా నిటారుగా ఉండాలి, మిగతాదంతా మన మర్యాదకే వదిలేశారు. నా లెక్క ఇది: భోజనాలయ్యి, ట్రేలు తీసేసి, లైట్లు తగ్గించాక మిడిల్ బెర్త్ వేసుకునే టైమ్ అయినట్టే. అప్పుడు మీరూ వాల్చుకోండి. వాల్చే ముందు ఒక్కసారి వెనక్కి చూడండి, వెనకావిడ బల్ల మీద కాఫీ ఉందేమో, ఒళ్లో పిల్ల పడుకుందేమో. "కొంచెం వాలుస్తున్నానమ్మా" అని, బటన్ నొక్కి పట్టుకుని నెమ్మదిగా, ముందు సగమే. ఇంత చేశాక కూడా ఎవరైనా తంతే అది వాళ్ల తప్పు, మీరు భయపడి లేపేయక్కర్లేదు.

కాళ్ల సంగతి సీటుకన్నా ముఖ్యం. నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చుంటే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది, వాల్చుకుని కూర్చున్నా అంతే. నడవ పక్క సీటు అడిగి తీసుకోండి. మెలకువగా ఉన్నంతసేపూ గంటా గంటన్నరకోసారి లేచి అటు చివరిదాకా నడిచి రండి, కూర్చున్నప్పుడు మడమలు తిప్పుతూ ఉండండి, మంచినీళ్లు తాగుతూ ఉండండి. ఈమధ్య ఆపరేషన్ ఏదైనా అయ్యుంటే, లేదా దిగినప్పటి వాపులో ఒక కాలు మరీ ఎక్కువ వాచి నొప్పి పెట్టి ఉంటే, బయల్దేరే ముందే డాక్టర్‌కి చూపించండి.

ప్రశ్న: కువైట్‌లో ఒక ఇంట్లో పని చేస్తాను. రెండేళ్లకి సెలవు దొరికింది. బయల్దేరే రోజు కూడా రాత్రి వంటయ్యి గిన్నెలు కడిగాకే పంపారు. విమానం పైకి లేచాక నిద్ర ఆగక సీటు వాల్చాను. వెనక కూర్చున్నాయన లేపి "ఏయ్, ల్యాప్‌టాప్ పెట్టుకోవాలి, నువ్వు సీటు ఎత్తు" అన్నాడు. ఎత్తేశాను. ఐదు గంటలు కళ్లు మూతపడుతుంటే నిటారుగా కూర్చున్నాను. శంషాబాద్‌లో దిగి మళ్లీ మా ఊరికి రాత్రి బస్సు. టికెట్ డబ్బులు నేనే కట్టుకున్నాను. సీటు వాల్చుకునే హక్కు నాకు లేదా?
*(రాజోలు దగ్గర ఒక ఊరు నుంచి ఒక సోదరి)*

జవాబు: ఉంది చెల్లీ. నూటికి నూరుపాళ్లూ ఉంది. సీటుకి ఆ బటన్ పెట్టిందే వాల్చుకోవడానికి. రాత్రి విమానంలో, లైట్లు తీశాక, నిద్రపోతున్న మనిషిని లేపి ల్యాప్‌టాప్ కోసం సీటు ఎత్తమనడం మర్యాద కాదు, ఆయన ఆఫీసు పని ఎంత ముఖ్యమైనా సరే. పైగా ఆ "ఏయ్", ఆ "నువ్వు". చిన్నపిల్లల్ని కూడా "అండి" అని పిలిచే ఊళ్లలో పుట్టినదానివి నువ్వు. రెండేళ్లు పరాయి ఇంట్లో పని చేసి సొంత ఊరికి వస్తున్న ఆడమనిషిని ఎవరో తెలియని మనిషి అలా పిలవడం నాకు సీటు గొడవకన్నా ఎక్కువ కోపం తెప్పించింది. మళ్లీ ఎవరైనా అలా అంటే "ఇప్పుడు నిద్రపోయే టైమండి, నేను పని చేసి వచ్చాను, ఎత్తలేను" అని నిదానంగా చెప్పి కళ్లు మూసుకో. ఇంకా ఏదైనా అంటే బెల్ నొక్కు.

హక్కు అన్నావు కాబట్టి ఇంకో మాట చెప్పాలి. ఆ రెండు సీట్ల మధ్య జాగా ఎవరిది అన్నదే అసలు గొడవ. అమెరికాలో ఇద్దరు న్యాయశాస్త్ర ప్రొఫెసర్లు 2014లో దీని మీద ఒక సర్వే చేశారు. న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలెస్‌కి ఆరు గంటల ప్రయాణం అనుకోండి, వాల్చే హక్కు ముందువాళ్లదే అనుకోండి అని చెబితే, వాల్చకుండా ఉండటానికి ముందువాళ్లు సగటున 41 డాలర్లు అడిగారు, వెనకవాళ్లు ఇస్తామన్నది 18. అదే జాగా వెనకవాళ్లది అనుకోండి అని తిప్పి అడిగితే వాళ్లు 39 డాలర్లకి తక్కువైతే ఒప్పుకోమన్నారు, ముందువాళ్లు ఇస్తామన్నది 12. జాగా అంతే, మనుషుల అవసరాలూ అంతే. ఇది నీదే అని చెబితే చాలు, ఎవరూ వదలడానికి సిద్ధంగా లేరు.

నాకైతే అది ఇద్దరిలో ఎవరిదీ కాదనిపిస్తుంది. మనకి ఇది తెలియని సంగతి కాదు. రెండో పంట దాళ్వాలో నీళ్లు తగ్గితే కాలువలకి వంతులు పెడతారు. ధవళేశ్వరంలో వదిలిన నీరు పై రైతు పొలం గట్టు పక్కనుంచే పారుతుంది, అంతమాత్రాన అంతా ఆయనది కాదు, కాలువ చివరనున్న శివారు రైతుకీ వంతు ఉంది. అలాగని శివారు రైతు వచ్చి, నాకు నీళ్లు కావాలి కాబట్టి నువ్వు అసలు మడి తడుపుకోవద్దు అనడానికీ లేదు. ఆ జాగా కూడా అలాంటిదే. భోజనం వేళ తినేవాళ్ల వంతు, రాత్రి నిద్రపోయేవాళ్ల వంతు. ఆ రాత్రి వంతు నీది, ఆయన నీ వంతు నీళ్లు మళ్లించుకుపోయాడు.

ప్రశ్న: నా ఎత్తు 6 అడుగుల 2 అంగుళాలు. ఉద్యోగం పని మీద నెలకి నాలుగైదుసార్లు విమానం ఎక్కుతాను. ముందువాళ్లు వాల్చబోతే మోకాళ్లు గట్టిగా ఆనించి పెడతాను, సీటు కదలదు, పాడైందనుకుని ఊరుకుంటారు. మా ఆవిడ ఇది తప్పంటుంది. ఎవరు రైటు?
*(భీమవరం)*

జవాబు: మీ ఆవిడే రైటండి. మీ మోకాళ్ల నొప్పి నిజం, దాన్ని కాదనను. ఎకానమీలో ఒక సీటు వీపు నుంచి దాని ముందు సీటు వీపుకి దూరం చాలా విమానాల్లో 28 నుంచి 32 అంగుళాలు. అందులోంచి సీటు మందం తీసేయండి, ముందు మనిషి వాల్చే రెండు మూడు అంగుళాలు తీసేయండి, మీ ఎత్తుకి ఇంక మిగిలేది ఏమీ లేదు. వరుసలు దగ్గరగా జరిపి ఎక్కువ సీట్లు పట్టించింది విమాన సంస్థలు. తిట్టుకుంటున్నది మాత్రం టికెట్ కొన్న మనం, ఒకరినొకరం. ఇది నాకు ఎప్పుడూ అన్యాయంగానే కనిపిస్తుంది.

అయినా చెప్పకుండా అడ్డం పెట్టడం మోసం. మీరు మోకాళ్లతో చేసే పనికి అమెరికాలో 2003లోనే ఒక ప్లాస్టిక్ పరికరం అమ్మకానికి వచ్చింది, పేరు ‘నీ డిఫెండర్’ (ఇంగ్లీషులో ‘నీ’ అంటే మోకాలు). బల్ల కాళ్లకి తగిలిస్తే ముందు సీటు వాలదు. 2014 ఆగస్టులో నెవార్క్ నుంచి డెన్వర్ వెళ్తున్న విమానంలో ఒకాయన దాన్ని పెట్టాడు, సిబ్బంది తీయమన్నా తీయలేదు, ముందు కూర్చున్నావిడ ఆయన మీద నీళ్లు విసిరింది, చివరికి విమానాన్ని షికాగోలో దింపి ఇద్దరినీ దించేశారు. మిగతా ప్రయాణికులందరికీ ఆలస్యం.

దాని బదులు, అందరూ కూర్చుంటున్నప్పుడే, ఎవరూ ఇంకా వాల్చకముందే, ముందున్నవాళ్లతో "నేను కాస్త పొడుగండి, మీరు వాల్చేటప్పుడు ఒక్క మాట చెప్పండి, కాళ్లు సర్దుకుంటాను" అనండి. వాల్చొద్దు అనకండి, చెప్పమని అడగండి. చాలామంది సగంతోనే ఆగిపోతారు. ఈ తగువు ఎంత దూరం వెళ్లిందంటే, డెల్టా అనే అమెరికా విమాన సంస్థ 2019లో కొన్ని విమానాల్లో సీటు వాలే దూరాన్ని నాలుగు అంగుళాల నుంచి రెండుకి తగ్గించింది, ఆ సంస్థ అధిపతే 2020లో టీవీలో మాట్లాడుతూ వెనక పొడవాటి మనిషి ఉంటే అడిగి వాల్చడం మర్యాద అన్నారు. బ్యాగ్ కాళ్ల దగ్గర కాకుండా పైన పెట్టండి, ఆ కాస్త జాగా మీ పాదాలకి వస్తుంది. నెలకి నాలుగైదుసార్లు అంటే ఆ ఖర్చు మీ కంపెనీదే అయ్యుంటుంది, అత్యవసర ద్వారం పక్క వరుస సీటుకి అదనంగా కట్టమని అడగండి, సిగ్గుపడొద్దు.

ప్రశ్న: రాజమండ్రి నుంచి ఢిల్లీ వెళ్తే మా నాన్నగారికి ఆఖరి వరుస వచ్చింది. బటన్ ఎంత నొక్కినా సీటు వాలలేదు, ముందువాళ్లు మాత్రం శుభ్రంగా వాల్చుకుని పడుకున్నారు. పాడైన సీటు అంటగట్టారా?
*(కాకినాడ)*

జవాబు: పాడైంది కాకపోవచ్చండి. ఆఖరి వరుస వెనక గోడ ఉంటుంది, చాలా విమానాల్లో ఆ సీట్లు వాలవు, వాలినా కొద్దిగానే. అత్యవసర ద్వారానికి ముందున్న వరుసా అంతే, ఆ సీట్లు వాలితే బయటికి పోయే దారి ఇరుకవుతుంది. ద్వారాల్లో సగమే తెరుచుకున్నా 90 సెకన్లలో అందరూ దిగిపోగలగాలన్నది పెద్ద ప్రయాణికుల విమానాలకి పెట్టే పరీక్ష. ల్యాండింగ్ ముందు అందరి సీట్లూ నిలబెట్టించేది కూడా ఇందుకే.

కానీ నాన్నగారి ముందు కూర్చున్నవాళ్లు ఆ గోడని చూసి ఉండాల్సింది. వాళ్లు వాల్చితే ఆయన ఇంకొకరి మీదికి వాల్చి సర్దుకునే వీల్లేదు. శివారు పొలం ఆయనది. ఆఖరి వరుస ముందు కూర్చున్నప్పుడు వెనక పెద్దవాళ్లు ఉంటే, పగటి ప్రయాణమైతే, వాల్చకుండా ఉండటమే నేను చేసే పని. తిరుగు టికెట్ ఇంకా ఉంటే ఇప్పుడే సీటు మార్పించండి. ఆఖరి వరుసకి మూడు నాలుగు వరుసల ముందు, నడవ పక్కది దొరికితే సీటూ వాలుతుంది, టాయిలెట్‌కీ దగ్గర.