బేరియం-133 356 రేఖ తక్కువగా వస్తుంటే

గామా డిటెక్టర్‌తో ఉద్గార శాతం, అంటే నూరు విఘటనల్లో ఒక గామా ఎన్నిసార్లు వెలువడుతుందో, కొలుస్తున్నారు మీరు. సీసియం-137 సరిగ్గా 85 శాతం చూపిస్తూ, బేరియం 356 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల రేఖ మాత్రం 62 శాతానికి బదులు 55 వద్ద ఆగిందన్నారు. కారణం దాదాపు ఖచ్చితంగా నిజ సంపాత సంకలనం (true coincidence summing): ఒకే విఘటనలోని రెండు గామాలు కలిసి నమోదు కావడం. సీసియంది ఒంటరి గామా. బేరియంలో 356 వెంటనే 81 వెలువడుతుంది. రేడియోధార్మిక మూలం డిటెక్టర్ మూతకు ఆనుకొని ఉంటే రెండూ ఒకే పల్స్‌గా నమోదవుతాయి.

1. స్పెక్ట్రంలో 437 (356 + 81) దగ్గర చూడండి. అక్కడ శిఖరం ఉంటే 356 లెక్కలు కొన్ని అటు పోయినట్లే. 303, 81 కలిసి 384లో చేరుతాయి కాబట్టి ఆ రేఖనూ నమ్మవద్దు.

2. మూలాన్ని 25 సెంటీమీటర్ల దూరం జరిపి మళ్లీ కొలవండి. బలహీనమైన మూలం వాడితే చాలదు: ఈ నష్టం క్రియాశీలతను (సెకనుకు జరిగే విఘటనల సంఖ్యను) బట్టి మారదు, దూరాన్ని బట్టే మారుతుంది.

3. చాలామంది వదిలేసేది ఇదే. మీ దక్షత వక్రం (ఏ శక్తి గామాలో ఎంత భాగాన్ని డిటెక్టర్ పట్టుకుంటుందో చూపే గీత) యూరోపియం-152తో, అదే దగ్గరి దూరంలో గీసిందైతే, దాని గామాలూ వెంటవెంటనే వెలువడతాయి కాబట్టి ఆ వక్రంలోనే ఈ దోషం ఉంది. మూలాన్ని జరిపి పాత వక్రమే వాడితే ప్రయోజనం లేదు. కొత్త దూరంలోనే, ఇలా కలిసిపోయే గామాలు దాదాపు లేని అమెరీషియం-241, కాడ్మియం-109, సీసియం-137, మాంగనీస్-54 లతో వక్రాన్ని తిరిగి గీయండి.

తరువాత శిఖరపు నికర వైశాల్యాన్ని (నేపథ్యం తీసేసిన లెక్కలను) క్రియాశీలత, దక్షత, లైవ్ టైమ్ (డిటెక్టర్ నిజంగా లెక్కించిన సమయం) ల లబ్ధంతో భాగించండి; దాన్ని నూరుతో గుణిస్తే ఉద్గార శాతం వస్తుంది. అయితే క్రియాశీలతను మీరు స్పెక్ట్రం తీసిన తేదీకి సవరించాకే.