గొంతు చించుకునే మనిషిని రాయాలంటే

వడపళని, చెన్నై

అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ అందింది. ఫోనులో చదివితే కళ్లు లాగుతున్నాయని ప్రింటు తీయించుకుని, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. మొహమాటం లేకుండా చెప్పమన్నావు. నడక బాగుంది. బెంగళూరు మారతహళ్లి పీజీలో సాంబారు మీద జరిగే గొడవ చదివి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. తేలిపోయినవాడు నీ హీరోనే, రాత్రి తొమ్మిదింటికి టీవీలో కూర్చుని ఊరందరినీ కడిగిపారేసే ఆ యాంకరు. మొదటి పేజీలో అరుస్తాడు, ఆఖరి పేజీలోనూ అరుస్తాడు. మధ్యలో నువ్వు పక్కన నిలబడి, వీడెంత ఘోరమో చూడండి అంటూ మాకు సైగలు చేస్తుంటావు. మాకు రెండో పేరాకే తెలిసిపోయింది. ఆ తర్వాత మేం చేయడానికి పనేమీ మిగల్లేదు.

అలాంటివాణ్ణి వెక్కిరించడం ఎవరికైనా చేతనవును. టీవీ కామెడీ స్కిట్లలో రోజూ చేస్తూనే ఉన్నారు. నీకు కావలసింది వేరు. చదివేవాడు ఒక్క పేజీ పాటైనా వాడి పక్షాన చేరాలి. ఈ ఉత్తరమంతా ఆ మాట కోసమే, కాకపోతే కాస్త చుట్టు తిరిగి వస్తాను.

ముందు ఆ స్టూడియో సంగతి. నీ కథలో అక్కడ అతనొక్కడే ఉన్నాడు. నిజానికి తెర మీద కనిపించే ఆ మనిషిని చాలామంది కలిసి తయారు చేస్తారు. చెవిలో టాక్‌బ్యాక్ ఉంటుంది, లోపలివాళ్ల మాట వినిపించే చిన్న పరికరం. పీసీఆర్‌లో, అంటే కార్యక్రమాన్ని నడిపే కంట్రోల్ గదిలో కూర్చున్న ప్రొడ్యూసరు అందులోంచి, "సార్, కింద విండోలో ఆయన ఉడికిపోతున్నాడు, ఆయన దగ్గరికి వెళ్లండి" అని చెబుతుంటాడు. మొదట్లో రెండు మూడు నిమిషాలు ఆవేశంగా మాట్లాడే ఆ ముక్క చాలాసార్లు సాయంత్రమే రాసి, కెమెరా ముందు అక్షరాలు చూపే ప్రాంప్టరులో ఎక్కించినదే. గెస్టులను పిలిచేవాళ్లకు కూడా ఏం కావాలో తెలుసు. రెండు వైపులా కొంత న్యాయం ఉందండీ అని నెమ్మదిగా చెప్పే ప్రొఫెసరుకు రెండోసారి ఫోను రావడం కష్టం. ఇక గెస్టు మైకు గెస్టు చేతిలో ఉండదు. సౌండ్ కుర్రాడు ఫేడరు, అంటే గొంతు పెంచి తగ్గించే మీట, కిందికి దించితే అవతలాయన పెదవులు కదులుతుంటాయి, మాట మాత్రం వినపడదు. యాంకరు వాదనలో నెగ్గినట్టే కనిపిస్తుంది. ఆ కుర్రాణ్ణి నీ కథలో పెట్టు. ఏ చిత్తూరు నుంచో వచ్చి నెల జీతం కోసం కూర్చున్నవాడు, ఎవరి గొంతు ఎప్పుడు తగ్గించాలో ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నవాడు. నీ హీరో కంటే వాడి గురించి చదవాలని నాకు ఎక్కువ కుతూహలంగా ఉంది.

రెండోది, మాట తీరు. డబ్బింగ్ సినిమాలకు మాటలు రాసి బతికినవాణ్ణి కాబట్టి నాకు ముందు ఊపిరి వినిపిస్తుంది. మామూలు మనిషి వాక్యం పూర్తిచేసి ఊపిరి తీసుకుంటాడు. ఆ సందులో అవతలివాడు దూరతాడు. ఈ యాంకర్లు అక్కడ ఆగరు. మన వాక్యంలో క్రియ చివర పడుతుంది కదా, అది రాకముందే గాలి పీల్చుకుంటారు. "మీరు ఆ రోజు ఆ ఫైలు మీద" అని ఆగి, గాలి పీల్చి, "సంతకం పెట్టారా లేదా ఎందుకంటే సార్" అంటూ తర్వాతి వాక్యంలోకి జారిపోతారు. పాపం ఆ పెద్దమనిషి క్రియ కోసం నోరు తెరుచుకుని ఎదురుచూస్తుంటాడు, అది వచ్చేసరికి ఇంకో వాక్యం సగం అయిపోయి ఉంటుంది. ఇంకోటి గమనించు. "సార్ సార్ సార్, ఒక్క నిమిషం సార్, మీ దగ్గరికే వస్తున్నాను సార్" అన్నారంటే ఆ సారుకు ఇక అవకాశం లేనట్టే. నువ్వు నీ యాంకరు చేత బూతులకు దగ్గరగా మాట్లాడించావు. అక్కర్లేదమ్మా. అతను మర్యాదగా ఉంటేనే ఎదుటివాడికి చెమటలు పడతాయి.

ఏదైనా డిబేటు పది నిమిషాలు రికార్డు చేసి, అక్షరం పొల్లుపోకుండా చేత్తో రాయి. విసుగు పని, తెలుసు. ఇంకో సౌకర్యం నీకుంది, తెలుగు ఊళ్లో ఉన్నవాళ్లకు లేనిది. నీకు కన్నడం సగమే వచ్చునన్నావు. మీ మెస్సులో రాత్రి కన్నడ న్యూస్ పెడతారు కదా, కూర్చుని చూడు. విషయం పూర్తిగా అర్థం కాకపోయినా ఎవరు మంచివాడో, ఎవరు దొంగో నీకు రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఎలా తెలిసిందో ఆలోచించు. కెమెరా ఎవరి ముఖం మీద ఎంతసేపు ఉంది, యాంకరు ఎవరివైపు తల తిప్పకుండా మాట్లాడాడు, కింద పట్టీ ఏ రంగులో వచ్చింది. నేనిక్కడ అరవ చానళ్లతో చాలాకాలం ఈ పనే చేశాను, తమిళం బాగా వచ్చేశాక ఆ సుఖం పోయింది.

ఈ వేషం ఎక్కడ పుట్టిందో కూడా కొంచెం తెలిసి ఉండాలి. అమెరికాలో 1949 నుంచి రేడియో, టీవీ లైసెన్సు ఉన్నవాళ్లకు ఒక నిబంధన ఉండేది, వివాదం ఉన్న విషయం మాట్లాడితే అవతలి వాదనకూ చోటివ్వాలని. 1987లో ఎత్తేశారు. మరుసటి ఏడాదే సంప్రదాయవాద వ్యాఖ్యాత రష్ లింబా రేడియో షో దేశమంతా వినిపించడం మొదలైంది. 1996లో ఫాక్స్ న్యూస్ వచ్చింది, దానితోపాటే బిల్ ఓరైలీ. నేనూ మీలాంటివాణ్ణే, పెద్దవాళ్ల కబుర్లు నా దగ్గర చెల్లవు అన్నది ఆయన ధోరణి. అంతా ఆ నిబంధన పోవడం వల్లే అంటారు గానీ, అది ప్రధానంగా రేడియో తరంగాలు వాడుకునేవాళ్ల కోసం పెట్టింది, కేబుల్ కోసం కాదు. నన్నడిగితే అసలు కారణం ఖర్చు. రిపోర్టరునూ కెమెరానూ పల్లెకు పంపడం కంటే ఆరుగురిని ఆరు విండోల్లో కూర్చోబెట్టడం చవక. మన దేశంలో అర్ణబ్ గోస్వామి 2006లో మొదలైన టైమ్స్ నౌలో ఆ కుర్చీకి ఇంకో మెట్టు వేశాడు. అడుగుతున్నది నేను కాదు, దేశం అన్నాడు. అది రాయగలిగితే నీ పని సగం అయినట్టే. అలాంటి మనిషి తన కోసం ఎప్పుడూ ఏమీ అడగడు.

ఇప్పుడు నీ వెక్కిరింపు సంగతికి వస్తాను. ఆ ఓరైలీని అనుకరిస్తూ స్టీఫెన్ కోల్బేర్ అనే కమెడియన్ 2005 నుంచి 2014 దాకా వారానికి నాలుగు రాత్రులు ఒక షో నడిపాడు. సొంత పేరుతోనే, ఆ మొండి యాంకరు వేషంలో. రాబోయే గెస్టులకు ముందుగానే చెప్పేవాడట, నా పాత్ర ఒట్టి మూర్ఖుడు, మీరు నిజాయితీగా మాట్లాడండి అని. 2009లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ప్రేక్షకులను అడిగి చూశారు. అన్ని పక్షాలవాళ్లకూ అతను సరదాగానే అనిపించాడు. కానీ సంప్రదాయవాదులు మిగతావాళ్లకంటే ఎక్కువగా, అతను వేళాకోళం నటిస్తున్నాడే తప్ప మనసులో ఉన్నది అదే అనుకున్నారు. అంత ఆరితేరినవాడి వ్యంగ్యమే అటు తిరిగి కూర్చుంటే, నీ ఇరవై పేజీల వ్యంగ్యం ఎవరిని మారుస్తుంది? వాణ్ణి ఇష్టపడేవాళ్లు చదివి ఇంకా ఇష్టపడతారు, పడనివాళ్లు నవ్వి పక్కన పెడతారు.

ఇంట్లో ఒకటి, తెర మీద ఒకటి అన్న మలుపు కూడా వదిలేయ్. అది ఇప్పుడు కోర్టు కాగితాల్లోనే దొరుకుతోంది. ఫాక్స్ యాంకరు టకర్ కార్ల్సన్ అన్న మాటల మీద ఆ చానల్ పై పరువునష్టం దావా వేస్తే, ఆ షో తీరు తెలిసినవాళ్లెవరూ ఆయన మాటలను అక్షరాలా నిజాలుగా తీసుకోరని సొంత చానల్ లాయర్లే వాదించారు, 2020లో న్యూయార్క్ జడ్జి ఒప్పుకున్నారు. ఎదుటి రాజకీయ పక్షం వైపు మాట్లాడే యాంకరు రేచల్ మాడో మీద వేసిన దావా కూడా ఇంచుమించు అదే తర్కంతో పోయింది. 2023లో ఫాక్స్, ఓటింగ్ యంత్రాల డొమినియన్ కంపెనీకి 78.75 కోట్ల డాలర్లు కట్టి పరువునష్టం కేసు ముగించుకునేలోపు, తెర మీద వినిపించింది తామే నమ్మలేదని చూపే యాంకర్ల సొంత మెసేజులు చాలా బయటపడ్డాయి. చదివేవాడికి ఇక అందులో ఆశ్చర్యమేముంది? నీ హీరో తను చెప్పేది నమ్ముతాడా లేదా అన్నది తేల్చకు. ఆటోవాడితో బేరమాడేటప్పుడు అవతలివాణ్ణి మాట పూర్తిచేయనిస్తాడా, భార్య ఏదో చెబుతుంటే క్రియ రాకముందే గాలి పీల్చుకుంటాడా, అది రాయి.

ఇక చెప్పదలచుకున్న మాట. వాడు ఒక్కసారైనా నిజంగా రైటు కావాలి. 2017 ఫిబ్రవరిలో మీ దగ్గరే బెళ్లందూరు చెరువు మీద మంటలు లేచాయి గుర్తుందా, నీళ్ల మీద నిప్పు. ఆ రాత్రి ఒక అధికారిని విండోలో కూర్చోబెట్టు. అతను మా శాఖ కాదు, పరిశీలిస్తున్నాం అంటుండాలి. నీ యాంకరు మర్యాదగా, ఆపకుండా, గాలి పీల్చే చోట్లన్నీ దాచుకుంటూ అడగాలి. ఒక్క ప్రశ్న కూడా అన్యాయమైనది ఉండకూడదు. చదివేవాడు మెస్సులో కంచం ముందు నిలబడి చప్పట్లు కొట్టాలి. సౌండ్ కుర్రాడు ఆ రాత్రి ఇష్టంగా ఫేడరు దించాలి.

మర్నాడు రాత్రి అదే కుర్చీ, అదే ఊపిరి, అదే సార్ సార్. విండోలో మాత్రం నీ కథలోని పీజీ అమ్మాయి, చేయని తప్పుకు నిలదీయబడుతూ. నువ్వు ఒక్క వ్యాఖ్య కూడా చేయకు. సైగలు అసలే వద్దు.

చివర్లో వాడు ఏడ్చి క్షమాపణ చెప్పే సీను కొట్టేశాను, పెన్సిలుతోనే, కావాలంటే చెరుపుకో. ఉద్యోగం ఊడే సీను కూడా అనవసరం. అంత రేటింగు ఉన్నవాణ్ణి ఆ ఒక్క రాత్రికే ఎవరూ తీసేయరు.

మొత్తం తిరగరాసేదాకా ఆగకు. ఆ అధికారి సీను ఒక్కటి ముందు రాసి పంపు, అక్షరాలు పెద్దవిగా పెట్టి.

మీ మాస్టారు