పర్యాటక ఒప్పందంపై సంతకం పెట్టే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

మీ ఊళ్లో హోటల్ పెట్టబోయే పర్యాటక సంస్థతో ఒప్పందం మాట్లాడే బాధ్యతను మీ ఊరి సంఘం నీకు అప్పగించిందని తెలిసి సంతోషించాను. ఏటా ఎంతమంది యాత్రికులు వస్తారో చెబుతూ ఆ సంస్థవారు చూపించే అంకెను ముందుగా పక్కన పెట్టు. వచ్చేవారి సంఖ్య పెరిగినంత మాత్రాన ఊళ్లో మిగిలే డబ్బు పెరగదు. యాత్రికుడు విమానం టికెట్టు, గది, భోజనం కలిపిన ప్యాకేజీని తన దేశంలోనే కొనుక్కుంటే, ఆ సొమ్ములో పెద్ద వాటా విమాన సంస్థకు, బుకింగ్ వెబ్‌సైటుకు, ఎక్కడో ఉన్న హోటల్ యజమానికి చేరిపోతుంది. ఆర్థికవేత్తలు దీన్నే లీకేజీ అంటారు. క్రూయిజ్ ఓడలో వచ్చేవారి సంగతి చెప్పనే అక్కర్లేదు, వారి తిండీ నిద్రా ఓడలోనే.

ఊరివారు హోటల్‌కు సరుకు అమ్ముకోవచ్చు కదా అని నీవు అడగవచ్చు. హోటల్ వంటశాలకు ప్రతి ఉదయం ఒకే నాణ్యత గల కూరగాయలు, వాటితోపాటు బిల్లు కావాలి. చెల్లింపు మాత్రం నెలకో రెండు నెలలకో జరుగుతుంది. అప్పు చేసి సాగు చేసిన చిన్న రైతు అంతకాలం ఆగలేడు కనుక ఆ ఆర్డరు పట్నంలోని టోకు వ్యాపారికి పోతుంది. రైతులకు చేతకాదని మేనేజర్లు చెప్పే మాటను నేను ఒప్పుకోను. అడ్డంకి ఆ చెల్లింపు పద్ధతిలో ఉంది. అందుకే వారంలోగా డబ్బు ఇవ్వాలని, ఏ నెలలో ఏ సరుకు ఎంత కావాలో ముందే చెప్పాలని ఒప్పందంలో రాయించు. రైతులు ఉమ్మడిగా సరఫరా చేసే ఏర్పాటు మీరు చూసుకోండి.

ఉద్యోగాల విషయంలో వాచ్‌మన్, పారిశుద్ధ్య పనులతో సరిపెట్టుకోకుండా శిక్షణనూ పదోన్నతినీ అడుగు.

ఆదాయంలో వాటా కోరడం గొంతెమ్మ కోరికేమీ కాదు. జాతీయ పార్కుల రాబడిలో 30 నుంచి 50 శాతం వరకు చుట్టుపక్కల ప్రజల అభివృద్ధికి ఖర్చు చేయడానికి నేపాల్ 1993లోనే తన చట్టాన్ని సవరించింది. నమీబియా 1996లో తన ప్రకృతి సంరక్షణ చట్టానికి చేసిన సవరణ వల్ల అక్కడి గ్రామీణులు కన్జర్వెన్సీలుగా, అంటే తమ ప్రాంతంలోని వన్యప్రాణులను తామే చూసుకునే సంఘాలుగా ఏర్పడి, లాడ్జి కంపెనీలతో స్వయంగా ఒప్పందాలు చేసుకోగలుగుతున్నారు. అయితే వాటా సంఘానికి వచ్చినంత మాత్రాన పేద ఇంటికి చేరినట్టు కాదు. ఊరి పెద్దలే దాన్ని పంచుకునే ప్రమాదం ఎక్కడైనా ఉంటుంది (ఆ పెద్దలలో మనవాళ్లూ ఉండవచ్చు), కాబట్టి జమాఖర్చులను అందరి ముందూ చదివించు.

భూమిని అమ్మకుండా లీజుకే ఇవ్వండి. భూమి ధర పెరిగితే యజమాని లాభపడతాడు. కౌలుదారుకు పొలం పోతుంది, అద్దెకుండేవారికి ఇల్లు భారమవుతుంది. పట్టా లేనివారికి పరిహారం ఎలా అందుతుందో ప్రత్యేకంగా రాయించు. ఒక్కో గదికి రోజుకు ఎన్ని లీటర్ల నీరు వాడతారో, ఎండాకాలంలో అది ఎక్కడి నుంచి తెస్తారో కూడా అడుగు. దానికి లిఖితపూర్వకంగా జవాబు వచ్చేదాకా సంతకం పెట్టవద్దు.