ముందు ఎవరి అలీ పోయాడో తేల్చుకో

తమ్మీ,

నీ వ్యాసం అందింది, చదివాను. బాక్సర్ మహమ్మద్ అలీ పోయినప్పుడు మన వరంగల్ అభిమానులు ఎట్లా బాధపడ్డారో రాయాలనుకున్నావు చూడు, అది మంచి ఆలోచన. ఎవరూ ముట్టుకోని ముచ్చట. కానీ సగానికి పైగా అలీ జీవితచరిత్రే నింపేశావు. లూయీవిల్‌లో పుట్టుక, పన్నెండేళ్లప్పుడు సైకిల్ పోవడం, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం, 1964లో సోనీ లిస్టన్‌ను ఓడించడం. ఇవన్నీ ఫోన్ తీస్తే ఎవరికైనా దొరుకుతాయి. నీకు తప్ప ఇంకెవరికీ దొరకనివాడు మండిబజార్ టైలర్ తాత. ఆయనకేమో ఒక్క పేజీ ఇచ్చి ఊరుకున్నావు.

మొదటి వాక్యంతోనే మొదలుపెడతాను. 'ఆ రాత్రి వరంగల్ నిద్రపోలేదు' అన్నావు. అలీ అమెరికాలోని అరిజోనాలో చనిపోయింది 2016 జూన్ 3 రాత్రి. అప్పటికి మనకు 4వ తేదీ శనివారం తెల్లారింది, టైం పది కావస్తోంది. నిద్ర సంగతి అక్కడ లేనేలేదు. షాపుల షట్టర్లు లేస్తున్నాయి, ఎండ దంచుతోంది. పైగా రంజాన్ నెల ఇంకో మూడు రోజుల్లో మొదలవుతుంది. టైలర్‌కు అది ఎట్లాంటి కాలమో నీకు చెప్పాలా? పండుగ బట్టల ఆర్డర్లు మీద పడుతుంటాయి, ఇస్తానన్న తేదీకి ఇవ్వకపోతే గిరాకీ పోతుంది. నువ్వేమో 'వార్త వినగానే మిషన్ ఆపి వెక్కివెక్కి ఏడ్చాడు' అని రాశావు. నిజంగా ఆపాడా? నువ్వు చూశావా, ఆయన చెప్పాడా, లేక ఏడిస్తే బాగుంటుందని నువ్వే ఏడిపించావా? మళ్లీ పోయి అడుగు. ఆపకుండా సాయంత్రం దాకా కుట్టానని చెప్తే, ఆ కుట్టడమే రాయి. కాలు పెడల్ మీద, కన్ను సూది మీద ఉన్న మనిషి లోపల ఏం నడుస్తోందో అక్కడ ఆలోచించు. నాకైతే వెక్కిళ్ల కన్నా అదే ఎక్కువ పట్టుకుంటుంది.

రెండోది, 1974 బౌట్. జార్జ్ ఫోర్‌మన్‌తో అలీ ఆడింది తాత 'టీవీకి అతుక్కుపోయి లైవ్‌లో చూశాడు' అన్నావు. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం వచ్చిందే 1977లో. 1974లో వరంగల్‌లో టీవీ ఎక్కడిది తమ్మీ? ఆ బౌట్ ఆఫ్రికాలో, అప్పటి జైర్ (ఇప్పటి కాంగో) దేశంలో కిన్షాసాలో, అక్టోబర్ 30 తెల్లవారుజామున నాలుగింటికి జరిగింది. అమెరికా వాళ్లు రాత్రిపూట చూసుకోవడానికి ఆ టైం పెట్టారు. మన గడియారంలో అది బుధవారం ఉదయం ఎనిమిదిన్నర. తాత అప్పుడు పాతికేళ్ల కుర్రాడు. ఏ షాపులోనో కాజాలు కుట్టడం నేర్చుకుంటూ ఉండి ఉంటాడు. అంటే ఆయన జీవితంలోకెల్లా పెద్ద బౌట్ ఆయనకు తెలియకుండానే, చేతిలో సూది ఉండగానే జరిగిపోయింది. తర్వాత రేడియోలో వార్తగా విన్నాడో, మర్నాడు ఉర్దూ పేపర్‌లో ఫొటో చూశాడో.

ఇది లోపం అనుకోకు. నీ వ్యాసంలో అన్నిటికన్నా బలమైన చోటు ఇదే. చూడని దాన్ని ఆ మనిషి నలభై ఏళ్లు చెప్పుకుంటూ వచ్చాడు. ఎట్లా చెప్తాడో కూర్చుని విను. అలీకి అప్పుడు 32 ఏళ్లు, ఫోర్‌మన్‌కు 25. ఫోర్‌మన్ అప్పటిదాకా ఒక్క బౌట్ కూడా ఓడిపోలేదు, అంతకు ముందటి ఏడాది జో ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలో ఆరుసార్లు కింద పడేసినవాడు. అలీ చేసిందేమిటంటే, రింగ్ తాళ్లకు ఆనుకుని, చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుని దెబ్బలు తినడం. ఫోర్‌మన్ కొట్టీ కొట్టీ అలిసిపోయాడు. ఎనిమిదో రౌండ్ చివర్లో అలీ విసిరిన కుడిచేతి దెబ్బకు పడ్డాడు. ఇది జరిగిన తీరు. తాత చెప్పేదాంట్లో అది పన్నెండో రౌండ్ అయితే కానీ. ఫోర్‌మన్ మూడుసార్లు లేచి మూడుసార్లు పడితే పడనీ. ఆయన మాటగా ఉన్నచోట దిద్దకు. నీ మాటగా రాసేచోట మాత్రం ఎనిమిదే ఉండాలి. ఈ రెండిటికీ మధ్య తేడా చదివేవాడు తనంతట తానే పట్టుకుంటాడు, నువ్వు వేలుపెట్టి చూపించనక్కర్లేదు.

తాత మన తాలీంఖానా (కుస్తీ నేర్పే చోటు) మనిషి అని ఒక్క ముక్క అనేసి వదిలేశావు. దాన్ని పట్టుకో. మన దిక్కు పాతవాళ్లకు బాక్సింగ్ తెలియదు, కుస్తీ తెలుసు. తాళ్లకు ఆనుకుని దెబ్బలు కాసుకోవడం పహిల్వాన్ కంటికి ఎట్లా కనిపిస్తుందో నాకూ వినాలని ఉంది.

ఇంకో సంగతి. అలీ 1980లో మద్రాసు వచ్చాడు. నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ఎగ్జిబిషన్ బౌట్ ఆడాడు. జి.టి. ఎక్స్‌ప్రెస్ మన స్టేషన్ మీదుగానే మద్రాసు పోతుంది. తాతకు ఆ సంగతి తెలుసా? తెలిస్తే ఎందుకు పోలేదు? పైసలు లేకనా, సేటు సెలవియ్యకనా, ఇంట్లో ఎవరికైనా బాగోలేకనా? అభిమాన దేవుడు ఒక్క రైలు ప్రయాణం దూరంలోకి వచ్చి వెళ్లిపోయిన రోజు గురించి అడక్కుండా ఎట్లా వచ్చావు?

ఇప్పుడు అసలు ముచ్చటకు వస్తాను. నీ వ్యాసంలో ముగ్గురు బాధపడుతున్నారు. టైలర్ తాత, హనుమకొండ రిటైర్డ్ లెక్చరర్, స్టేడియం దగ్గరి జిమ్ పిల్లగాడు. ముగ్గురికీ ఒకే శోకం అంటగట్టావు, ఒకే మాటలు పెట్టావు. నిజానికి ముగ్గురికీ పోయింది ఒకే మనిషి కాదు. లెక్చరర్‌కు కావలసిన అలీ రింగ్‌లో ఉన్నవాడు కాడు. 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో సైన్యంలోకి పేరు పిలిస్తే ముందుకు అడుగు వెయ్యనివాడు. వియత్నాం యుద్ధానికి రానన్నందుకు టైటిల్ లాక్కున్నారు, అయిదేళ్ల జైలుశిక్ష వేశారు. అప్పీల్ నడిచినన్నాళ్లూ జైలుకు పోలేదు గానీ, వయసులో ఉన్న మూడున్నరేళ్లు రింగ్‌కు దూరమయ్యాడు. 1971 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. కేసంటే ఏమిటో, వాయిదాలంటే ఏమిటో బాగా తెలిసిన ఊరు మనది. డెబ్భైల్లో ఇక్కడ కాలేజీ చదివినవాళ్లకు ఆ అలీ ఎందుకు దగ్గరివాడయ్యాడో వేరే చెప్పక్కర్లేదు. తాతకేమో ఆయన తన దీన్‌ను, అంటే మతాన్ని, నెత్తిన పెట్టుకుని ప్రపంచాన్ని గెలిచినవాడు. జిమ్ పిల్లగాడికి వాట్సాప్‌లో తిరిగే ముప్పై సెకన్ల వీడియో, టీషర్టు మీద బొమ్మ. పిల్లగాడిని చిన్నచూపు చూశావు, అది నాకు నచ్చలేదు. వాడి బాధ పొద్దున మొదలై సాయంత్రానికి పోతే పోనీ, ఉన్నంతసేపు ఉన్నదే కదా.

చౌరస్తాలో కట్టిన ఫ్లెక్సీ మీద మాత్రం మస్తు కోపంగా రాశావు. పోయినాయన కంటే కట్టించినవాళ్ల ఫొటోలే పెద్దగా ఉన్నాయని. అది కొత్త సంగతేం కాదు, మన దగ్గర ప్రతి చావుకూ అంతే. ఆ నలుగురూ పైసలు ఎట్లా పోగేశారు, అలీ ఫొటో ఏది కావాలని కొట్లాడుకున్నారు, ఆ ఫ్లెక్సీ తర్వాత ఎవరి రేకుల కప్పు మీదికెక్కింది, ఇవి రాస్తే నీ కోపం లేకుండానే పని జరుగుతుంది.

లూయీవిల్ అంతిమయాత్ర పేరా ఉంచు. అది బాగా వచ్చింది. జూన్ 10న కారు వీధుల్లో పోతుంటే జనం పేరు పెట్టి అరిచారు, అద్దం మీద పూలు విసిరారు, కుర్రాళ్లు పక్కన పరుగెడుతూ గాల్లో పంచ్‌లు విసిరారు. అలీ తన అంతిమయాత్ర ఎట్లా జరగాలో తానే ముందుగా ఆలోచించి పెట్టుకున్నాడు. నువ్వు 'చావులో ఈ సంబరమేమిటో అర్థం కాలేదు' అన్నావు. మీ ఊర్లో నిండా బతికిన ముసలాయన పోతే డప్పు కొట్టరా? ముందు చిందేస్తూ, పేలాలూ చిల్లరా చల్లుకుంటూ పోరా? అర్థం కాకపోవడానికి ఏముంది అందులో?

ఫ్రేజియర్ సంగతి ఒక్క ముక్క కూడా రాయలేదు. చనిపోయినవాడి గురించి చెడ్డ మాట ఎందుకని వదిలేసి ఉంటావు. అలీకి బాక్సింగ్ లైసెన్సు లేని రోజుల్లో అతనికి తిరిగి అవకాశం ఇవ్వమని మాట్లాడినవాడు ఫ్రేజియర్. అట్లాంటి మనిషిని అలీ గొరిల్లా అన్నాడు, 1975 మనీలా బౌట్‌కు ముందు రబ్బరు గొరిల్లా బొమ్మ చేతిలో పట్టుకుని విలేకరుల ముందు కొట్టి నవ్వించాడు. ఆ బౌట్‌లో ఫ్రేజియర్ కళ్లు వాచి మూసుకుపోతుంటే 14 రౌండ్ల తర్వాత అతని కోచే ఆపేశాడు. ఆ మాటల గాయం చాలా ఏళ్లు మానలేదు. 2001లో అలీ క్షమాపణ చెప్పాడు, 2011లో ఫ్రేజియర్ అంత్యక్రియలకు వెళ్లాడు. దీన్ని తాత ముందు పెట్టి చూడు. కోపం చేస్తాడా, మాట మారుస్తాడా, 'అవును బేటా, అది తప్పే' అంటాడా? అంత తెలిసీ ప్రేమించాడంటే ఆ ప్రేమకు విలువ ఎక్కువ. తెలియకపోతే అది కూడా రాయాల్సిన సంగతే.

చివర్లో బాక్సర్ నిఖత్ జరీన్‌ను తెచ్చి 'అలీ వారసురాలు' అన్నావు. తీసెయ్. నిజామాబాద్ అమ్మాయి, 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ టైటిల్ కొట్టింది. ఆమెకు ఆమె కథ ఉంది. తెచ్చి అలీ పాడె పక్కన నిలబెట్టడం ఎందుకు? కాకపోతే ఒక పని చెయ్యి. నిజామాబాద్ పోయి పిల్లలు ప్రాక్టీస్ చేసేచోట ఒక పొద్దు నిలబడు. చేతులకు పట్టీ చుట్టుకోవడం, గ్లవ్స్ లోపలి చెమట వాసన, దెబ్బ సరిగ్గా తగిలినప్పుడూ తగలనప్పుడూ బ్యాగ్ చేసే చప్పుడులో తేడా, ఇవి నీ చెవికీ ముక్కుకూ తెలియాలి. నువ్వు రాసిన పంచ్‌లన్నీ సినిమాలో విన్నట్టే ఉన్నాయి.

'మృత్యువు చేతిలో నాకౌట్' అన్న వాక్యం కూడా కొట్టెయ్. ఆ రోజు ఎంతమందికి తట్టి ఉంటుందో లెక్కలేదు. అలీకి పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బు ఉందని 1984లో తేలింది. ఆ తర్వాత 32 ఏళ్లు బతికాడు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో చెయ్యి వణుకుతుండగానే జ్యోతి వెలిగించాడు. బహుశా తాత ఆయన్ని కదులుతుండగా లైవ్‌లో చూసింది ఆ రోజేనేమో. అడుగు.

మళ్లీ మండిబజార్ పోయినప్పుడు గెలుపుల సంగతి ఎత్తకు. అవి ఆయనకు నోటికొచ్చు, టేప్ వేసినట్టు చెప్తాడు. ఓడిన రోజుల గురించి అడుగు. 1971 మార్చి 8న ఫ్రేజియర్ చేతిలో ఓడినప్పుడు ఎవరితో పందెం కాశాడు? 1978లో స్పింక్స్ అనే పిల్లగాడు టైటిల్ ఎత్తుకుపోయినప్పుడు షాపుకు పోయాడా? 1980లో లారీ హోమ్స్ ముందు అలీ చేతులు లేవక, కోచ్ ఆపేయాల్సి వచ్చినప్పుడు, ఇక చాలని ఈయనకు అనిపించిందా, అనిపిస్తే ఎవరికైనా చెప్పాడా? దాదాపు నలభై ఏళ్లకు వచ్చిన ఆ జూన్ కబురు అప్పటికే సగం ఏడ్చేసినవాడికి వచ్చిన కబురేమో నాకు అనుమానం. అది తేలితే నీ వ్యాసం తేలినట్టే.

జీవితచరిత్ర పేజీలు తీసేసి, తాతకు చోటిచ్చి మళ్లీ రాయి. టైటిల్‌లో 'మూగబోయిన రింగ్' వద్దు. ఈసారి డీటీపీ చేయించి పంపు తమ్మీ, నీ చేతిరాత చదివించుకోవడానికి మా మనవరాలిని బతిమాలాల్సి వచ్చింది.

ఇట్లు,
హనుమకొండ నుంచి మీ అన్న