మాట స్పాఫర్డ్‌ది, స్వరం బ్లిస్‌ది

ప్రశ్న: ‘ఇట్ ఈజ్ వెల్ విత్ మై సోల్’ పాటకు ఒక పుస్తకంలో ఫిలిప్ బ్లిస్ పేరు, మరో పుస్తకంలో స్పాఫర్డ్ పేరు ఉన్నాయి. ఏది నమ్మాలి? కూతుళ్లు మునిగిపోయిన చోటే ఓడ మీద రాశాడన్న కథ నిజమేనా?

జవాబు: రెండూ నమ్మవచ్చు. సాధారణంగా పాటల పుస్తకాల్లో ఎడమ పక్క పేరు రచయితది, కుడి పక్క పేరు స్వరకర్తది. మాటలు రాసిన హొరేషియో స్పాఫర్డ్ చికాగోలో లాయరు. 1873 నవంబరు 22న ‘విల్ డ్యూ హావ్ర్’ ఓడ అట్లాంటిక్‌లో ‘లాక్ ఎర్న్’ అనే మరో ఓడను ఢీకొని మునిగింది. 226 మంది పోయారు. వాళ్లలో ఆయన నలుగురు కూతుళ్లూ ఉన్నారు. భార్య ఆనా మాత్రం బతికింది. బ్లిస్ కట్టిన ట్యూన్‌కు ఆ మునిగిన ఓడ పేరే ఉంది.

ఇక ఓడ కథ. భార్య దగ్గరికి వెళుతూ సముద్రం మీదే రాశాడని ఆయన కూతురు బెర్తా చెప్పింది. ఆమె పుట్టింది 1878లో, అంటే ఆ మాట ఇంట్లో విన్నదే. 1876లో తాను స్పాఫర్డ్ ఇంట్లో బస చేసిన వారాల్లో ఆయన ఈ పాట రాశాడని సువార్త గాయకుడు ఐరా శాంకీ రాశాడు. శాంకీ స్వయంగా అక్కడున్నవాడు కాబట్టి మా మొగ్గు అటే. పాట అచ్చయింది కూడా 1876లోనే, శాంకీ, బ్లిస్ కలిసి తెచ్చిన సంకలనంలో.

ప్రశ్న: బ్లిస్ పాస్టరా? రైలు ప్రమాదంలో పోయాడంటారు.

జవాబు: పాస్టరు కాదు. సంగీతం నేర్పే పంతులు. 1874లో ఆ పని మాని మేజర్ విటిల్‌తో కలిసి సువార్త సభలకు తిరిగాడు. విటిల్ ప్రసంగం, ఈయన పాట. 1876 డిసెంబరు 29న ఒహాయోలోని ఆష్టబ్యులా దగ్గర మంచు తుపానులో రైలు కింద వంతెన కూలింది. ఆయన, భార్య లూసీ ఇద్దరూ పోయారు. అప్పటికి ఆయన వయసు 38. ఆయన పెట్టెలో ‘ఐ విల్ సింగ్ ఆఫ్ మై రిడీమర్’ మాటలు దొరికితే, జేమ్స్ మెక్‌గ్రానహన్ వాటికి ట్యూన్ కట్టాడు.

ప్రశ్న: మా క్వయర్‌కు పల్లవిలో మగవాళ్ల ప్రతిధ్వని కుదరడం లేదు. ఎత్తుగడలోనూ తడబడుతున్నాం. ఏ శృతి మంచిది?

జవాబు: ముందు ఎత్తుగడ. తాళం 4/4, కానీ మొదటి మాట ‘వెన్’ నాలుగో దెబ్బ మీదిది. నడిపించేవారు ‘ఒకటి, రెండు, మూడు’ అనేసరికి అందరూ అందుకోవాలి. ‘పీస్’ ఒకటో దెబ్బ మీద పడుతుంది. నాలుగు దాకా లెక్కపెడితే సగం మంది ముందు, సగం మంది వెనక.

పల్లవిలో ఆడవాళ్లు ‘ఇట్ ఈజ్ వెల్’ అని ‘వెల్’ను సాగదీస్తారు, ఆ సాగదీత కింద మగవాళ్లు అదే మాట పలుకుతారు. ‘విత్ మై సోల్’ దగ్గరా అంతే. చివరి వరుస మాత్రం అందరూ కలిసే, ప్రతిధ్వని ఉండదు. తప్పు ఎక్కువగా ఆడవాళ్ల దగ్గరే మొదలవుతుంది, తిట్లు మగవాళ్లకు పడతాయి! ఊపిరి కోసం ‘వెల్’ను మధ్యలో వదిలేస్తే మగవాళ్ల గొంతు ఒంటరిగా వేలాడుతుంది. పల్లవికి ముందే నిండుగా ఊపిరి తీసుకోవాలి. పక్కపక్కనున్నవాళ్లు ఒకేసారి ఊపిరి తీసుకోకూడదు. మగవాళ్లు చేసే పొరపాటు వేరు: ఆడవాళ్లు ఆపేదాకా ఆగి, అప్పుడు ఎత్తుకుంటారు. చరణాలు పక్కన పెట్టి పల్లవి ఒక్కటే, దెబ్బదెబ్బకూ చప్పట్లు కొడుతూ పాడించండి. మగ గొంతులు మరీ తక్కువైతే ఆ ఖాళీని కీబోర్డు మీద వాయించండి, ఊరికే వదలకండి.

చాలా పుస్తకాల్లో డి ఫ్లాట్‌లో ఉంటుంది, అంటే అయిదు ఫ్లాట్లు. గిటారుకు మొదటి మెట్టు మీద కాపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి సి కార్డులు పడితే అదే శృతి. కీబోర్డు అయితే ట్రాన్స్‌పోజ్ ఒకటి పెంచి సి లో వాయించండి, తర్వాతి పాటకు దాన్ని మళ్లీ సున్నాకు తేవడం మరవకండి. పై స్వరాలు బిగుసుకుపోతుంటే సి లోనే పాడండి. వేగం సంగతి: మొదటి పంక్తి పదకొండు అక్షరాలూ ఒక్క ఊపిరిలో అందకపోతే మీరు మరీ ఈడుస్తున్నట్టే.