‘5-1 తేడాతో’ గెలవడం కుదురుతుందా?

సందేహం: అయ్యా, మాది పర్లాకిమిడి. మా అబ్బాయికి స్నూకర్ పిచ్చి. 2017లో విశాఖపట్నంలో జరిగిన ఇండియన్ ఓపెన్ గురించి తెలుగులో రాస్తూ ‘ఫైనల్లో జాన్ హిగిన్స్ 5-1 తేడాతో ఆంథొనీ మెక్‌గిల్‌ను ఓడించాడు’ అన్నాడు. తేడా నాలుగే కదరా అంటే, పేపర్లలో ఇలాగే ఉంటుందంటాడు. వాడు చదివింది ఒడియా మీడియం. అక్కడ ‘బ్యబధాన’ అంటారు కాబట్టి ‘5-1 వ్యవధానంతో’ అని మార్చనా అని అడుగుతున్నాడు. ఏది సరి?
– ఒక పాఠకురాలు, గజపతి జిల్లా, ఒడిశా

సమాధానం: మీ లెక్కే ఒప్పు, అమ్మా. పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తే మిగిలేది తేడా. 5-1 స్కోరు. కాబట్టి ‘5-1తో ఓడించాడు’ అనాలి, లేదా ‘4 ఫ్రేముల తేడాతో’ అనాలి (స్నూకర్ మ్యాచ్‌లో ఒక్కో గేమును ఫ్రేము అంటారు).

ఈ అలవాటు క్రికెట్ వార్తల నుంచి పాకిందని నా అనుమానం. ‘20 పరుగుల తేడాతో’ అన్నది నిజమైన తేడానే. (‘6 వికెట్ల తేడాతో’ మాత్రం చేతిలో మిగిలిన వికెట్ల లెక్క. అది స్థిరపడిపోయింది, వదిలేద్దాం.) ఆ ఊపులో ‘గెలిచాడు’ అనగానే దాని ముందు ‘తేడాతో’ తనంతట తానే వచ్చి కూర్చుంటోంది.

వాడుకే ప్రమాణం కదా, గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరివాళ్లం అని మీ అబ్బాయి వాదించవచ్చు. వాడుకనే అడుగుదాం. క్యారమ్స్ ఆడేవాళ్లను ‘ఎంత తేడా?’ అని అడిగితే ‘నాలుగు’ అంటారు గాని ‘అయిదూ ఒకటీ’ అనరు. ‘5-1 తేడా’ రాతలోనే ఉంది, నోట్లో లేదు.

స్నూకర్‌కైతే స్కోరు చెప్పడమే మేలు. విశాఖ ఫైనల్ 9 ఫ్రేములది. 5 గెలవగానే ఆట అయిపోతుంది. షెఫీల్డ్‌లో క్రూసిబుల్ థియేటర్‌లో జరిగే ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ 35 ఫ్రేములది, 18 కావాలి. గెలిచినవాడి అంకె ముందే ఖాయం కనుక, ఓడినవాడు ఎందాకా వచ్చాడన్నదే కబురు. తేడా చెప్పి తీరాల్సిన ఆటలూ లేకపోలేదు. 1985 ప్రపంచ ఫైనల్లో డెన్నిస్ టేలర్ 18-17తో స్టీవ్ డేవిస్‌ను ఓడించాడు. చివరి ఫ్రేము చివరి నల్ల బంతి దాకా వెళ్లి 66-62తో ముగిసింది. అక్కడ ‘ఒక్క ఫ్రేము తేడాతో, అదీ 4 పాయింట్ల తేడాతో’ అంటేనే ఆ టెన్షన్ తెలుస్తుంది.

ఇక ‘వ్యవధానం’. మాట ఒకటే అయినా ఒడియాలో అది ఆటల్లో తేడాకు కూడా చెల్లుతుంది. తెలుగులో దానికి అడ్డు, ఎడం అని అర్థం. పైగా ‘రెండు రోజుల వ్యవధి’ అనే అలవాటు కొద్దీ ‘5-1 వ్యవధానం’ చూసి శ్రీకాకుళం వాళ్లు టైము అనుకుంటారు. ఒడియాలో రాసేటప్పుడు మాత్రం నిక్షేపంగా వాడుకోమనండి.

వాక్యం ఓడినవాడితో మొదలైతే అంకెలు తిరగేయాలని కూడా చెప్పండి: ‘మెక్‌గిల్ 1-5తో హిగిన్స్ చేతిలో ఓడిపోయాడు.’