లారీ గేటుకు వేలిముద్ర రిమోటు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: పర్లాకిమిడి శివార్లలో మాకు జీడిపప్పు షెడ్డు, దాని వెనుక గోదాం ఉన్నాయి. పలాస వైపు నుంచి పిక్కల లారీలు రాత్రిళ్లు కూడా వస్తుంటాయి కనుక, పక్కకు జరిగే గేటుకు మోటారు బిగించి డ్రైవర్లకూ మేస్త్రీకీ రిమోట్లు ఇచ్చాము. వాటిలో ఒకదానికి ఎవరో బజారులో నకలు చేయించారని ఈమధ్య తెలిసింది. ఎవరి దగ్గర వారు ఉంచుకుని, వేలు పెడితేనే పనిచేసే రిమోట్లు కొనమని మెకానిక్ అంటున్నాడు. గేటు స్తంభానికే వేలిముద్ర యంత్రం పెట్టించమని మా బావమరిది అంటున్నాడు. ఏది మేలు? తమ ఆధార్‌కు ఏమవుతుందోనని పనివాళ్లు భయపడుతున్నారు.
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: లారీలు వచ్చే గేటుకు మెకానిక్ చెప్పినదే నయం, బావమరిదికి మీరే సర్దిచెప్పుకోవాలి. స్తంభం మీది యంత్రం కోసం డ్రైవరు రాత్రివేళ క్యాబిన్ దిగాలి, వానా దుమ్మూ దాన్ని పాడుచేస్తాయి, పైగా అందరి ముద్రలూ గోడ మీది ఒక్క పెట్టెలో చేరతాయి. చేతి రిమోటులో అయితే ఎవరి ముద్ర వారి దగ్గరే ఉంటుంది.

అయితే ఒక సంగతి గ్రహించాలి. రిమోటు మీ వేలిని చూస్తుంది గాని, గేటు చూడదు. గేటుకు అందేది రేడియో సంకేతం మాత్రమే. మీ పాత రిమోటు నొక్కిన ప్రతిసారీ ఒకే అంకెను పంపే రకమై ఉంటుంది, అందుకే బజారు యంత్రం దాన్ని విని నేర్చుకోగలిగింది. కొత్తది కూడా అదే రకమైతే, పైన ఎంత మంచి వేలిముద్ర పలక ఉన్నా, గేటు దగ్గర పొంచి ఉండి సంకేతాన్ని పట్టుకున్నవాడికి మీ వేలితో పనిలేదు. ప్రతి నొక్కుకూ సంకేతం మారే ‘రోలింగ్ కోడ్’ రకమే అడగండి. డబ్బు ఇచ్చే ముందు ఆ రిమోటును అదే బజారుకు పంపి నకలు చేయించి చూడండి. అసలు రిమోటుతో గేటును ఒకసారి తెరిచి మూశాక కూడా నకలుతో అది తెరుచుకుంటే తిరిగి ఇచ్చేయండి. గేటు మోటారు దగ్గర సంకేతాన్ని అందుకునే రిసీవరు జాబితాలోంచి పాత రిమోట్లన్నిటినీ చెరిపించడం కూడా మరవకూడదు, లేకుంటే ఆ దొంగ నకలు ఎప్పటిలాగే పనిచేస్తుంది. రిమోటు మూత విప్పి చూపించమని కూడా అడగండి: వేలిముద్ర పలక ఉత్త స్విచ్చులా రెండు తీగలను కలపడం మాత్రమే చేస్తుంటే, ఆ తీగలను స్క్రూడ్రైవరుతో కలిపినా గేటు తెరుచుకుంటుంది.

మీ వృత్తిలో మరో చిక్కు ఉంది. పిక్క చెక్కులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది కనుక, రోజూ పిక్కలు కొట్టేవారి వేళ్ల కొసలు పొట్టు లేచి గీతలు అరిగిపోతాయి. చిన్న రిమోట్లలో ఎక్కువగా వాడే పలక, చర్మపు గట్లకూ పల్లాలకూ మధ్య ఉండే సూక్ష్మమైన విద్యుత్ తేడాను బట్టి ముద్రను చదువుతుంది; ఎండి పొరలు లేచిన వేలునూ, తడిసిన వేలునూ అది సరిగా పోల్చుకోలేదు. మీ మేస్త్రీ కూడా పిక్కల్లో చేయి పెట్టేవాడే అయితే, తక్కువ పనిచేసే ఎడమ చేతి ఉంగరపు వేలినీ, మరో వేలినీ కూడా నమోదు చేయించండి. అదీ పొద్దుట స్నానం చేసి వచ్చినప్పుడు కాదు, సాయంత్రం పని దిగాక, రిమోటు వాడవలసిన స్థితిలో వేళ్లు ఉన్నప్పుడే. ముద్ర పడడం లేదని, అది ఎంత కచ్చితంగా సరిపోలాలనే పట్టింపును సడలించమని మాత్రం మెకానిక్‌కు చెప్పవద్దు. ఆ సడలింపు పరాయి వేలికీ వర్తిస్తుంది.

ఆధార్ భయానికి ఆధారం లేదు. గీతలు ఎక్కడ ఆగాయో, ఎక్కడ చీలాయో రాసుకున్న అంకెల పట్టీనే రిమోటు దాచుకుంటుంది. ఆధార్ వ్యవస్థతో దానికి లంకె ఉండదు. అయినా వారి జంకును తేలిగ్గా తీసుకోకూడదు. 2011 నాటి సమాచార సాంకేతిక నియమాలు వేలిముద్రను సున్నితమైన వ్యక్తిగత సమాచారంగా లెక్కించి, రాతపూర్వక సమ్మతి కోరాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఎందుకో చెప్పి, అడిగి తీసుకోమంటుంది. ఆ కాగితం వారు చదవగలిగే ఒడియాలోనో తెలుగులోనో ఉండాలి, చదవలేని వారికి వారి భాషలో వివరించి చెప్పించాలి. ఇష్టపడని వారికి మామూలు రోలింగ్ కోడ్ రిమోటు ఇవ్వండి.

చివరిగా, కరెంటు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను మీ గజపతి జిల్లాను ఎలా చీకటి చేసిందో మీకు చెప్పనక్కర్లేదు. మోటారును విడదీసి గేటును చేత్తో తోసే తాళంచెవి ఒకటి ఉంటుంది. అది వాచ్‌మన్ దగ్గర ఒకటి, ఇంట్లో ఒకటి ఉండాలి. ఆ తాళం బయటి నుంచి చేయి చాపితే అందేలా ఉంటే మాత్రం పైన చెప్పినదంతా దండగ.

ప్రశ్న: మా అపార్టుమెంటు కారు గేటు వేలిముద్ర రిమోటు ఒకటి సంతలో పోయింది. వేలు లేకుండా పనిచేయదు కదా, వదిలేయవచ్చా?
– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: వదలవద్దు. దొరికినవారికి మూత విప్పి చూసేంత తీరిక ఉంటుంది. ఆ ఒక్క రిమోటును రిసీవరు జాబితాలోంచి తీయించండి. చవక రిసీవర్లలో ఒక్కదాన్నే తీసే వీలు ఉండదు, అన్నీ చెరిపి మళ్లీ నమోదు చేయాలి. అలాంటప్పుడు అందరూ ఇంట్లో ఉండే ఆదివారం పెట్టుకోండి.